దూరతీరాలు: సోమాలియాలో టర్కీకి ఏం పని?

గత సంచికలో హిందూ మహాసముద్రపు రేవుల గురించి రాస్తూ, సోమాలియా రాజధాని మొగదిషు రేవును ఇప్పుడు ఒక టర్కీ కంపెనీ నడుపుతోందని ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. ఆ ఒక్క వాక్యం మీదే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

టర్కీ ఎక్కడ, సోమాలియా ఎక్కడ? సరిహద్దు లేదు, భాష కలవదు. ఇద్దరిదీ ఒకే మతం కాబట్టి దగ్గరయ్యారని సాయంత్రం పార్కులో కలిసే మిత్రులు అంటారు. నాకు నమ్మకం కుదరడం లేదు. మీరు ఏమంటారు?
*– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి*

మీ అనుమానానికి ఆధారం ఉంది మాస్టారూ. ఇస్తాంబుల్ నుంచి మొగదిషుకు ఆకాశమార్గాన 4,600 కిలోమీటర్లకు పైగా దూరం. మతం వల్లే ఆ దూరం తగ్గిందంటే, 1991 నుంచి 2011 దాకా ఆ బంధం ఏమైనట్టు? 1979లో మొగదిషులో తెరిచిన టర్కీ రాయబార కార్యాలయం, 1991లో సియాద్ బారే ప్రభుత్వం కూలి దేశం ముఠాల పాలైనప్పుడు మూతపడింది. ఇరవై ఏళ్లు ఆ తలుపు తెరుచుకోలేదు. సభల్లో మాట్లాడేవారు 16వ శతాబ్దం దాకా వెళ్లి, ఇథియోపియా చక్రవర్తితో యుద్ధం చేసిన, సోమాలీలు తమ వీరుడిగా చెప్పుకునే ఇమామ్ అహ్మద్‌కు ఒట్టోమన్లు తుపాకీ దళాలను పంపిన సంగతి గుర్తుచేస్తారు. అది చరిత్రే. అయితే ఆ తుపాకులకూ నేటి రేవు ఒప్పందానికీ నడుమ నాలుగున్నర శతాబ్దాలున్నాయి.

అసలు కథ ఒక కరువుతో మొదలైంది. సోమాలియాలో రెండు వానకాలాలు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు పడే వానను 'గు' అంటారు, అక్టోబరులో మొదలయ్యేదాన్ని 'దైర్' అంటారు. 2010 దైర్ తప్పింది. 2011 గు కూడా తప్పింది. దక్షిణ ప్రాంతంలో ఎక్కువ భాగం అల్-షబాబ్ అనే సాయుధ తీవ్రవాద సంస్థ చేతిలో ఉంది, ఆ సంస్థ చాలా సహాయ సంస్థలను అడుగుపెట్టనివ్వలేదు. జూలై 20న ఐక్యరాజ్య సమితి అక్కడి రెండు ప్రాంతాల్లో క్షామం వచ్చిందని ప్రకటించింది. ఆ క్షామంలో సుమారు 2,58,000 మంది చనిపోయారని తరువాత లెక్క కట్టారు. వారిలో సగానికి పైగా అయిదేళ్ల లోపు పిల్లలు. ఈ అంకె రాసేటప్పుడు ప్రతిసారీ నా కలం కాసేపు ఆగుతుంది.

ఆ రోజుల్లో సోమాలియాకు సాయం చేసే దేశాల కార్యాలయాలు చాలావరకు పొరుగుదేశమైన కెన్యాలో, నైరోబీలో ఉండేవి. సోమాలియా మీద నివేదికలు అక్కడ రాసేవారు, సమావేశాలు అక్కడ జరిపేవారు. మొగదిషుకు వచ్చినా విమానాశ్రయం ప్రహరీ దాటేవారు తక్కువ. ఇలాంటి సమయంలో 2011 ఆగస్టు 19న, రంజాన్ నెలలో, అప్పటి టర్కీ ప్రధాని ఎర్డోగాన్ భార్యనూ కుటుంబాన్నీ మంత్రులనూ వెంటబెట్టుకుని మొగదిషులో దిగారు. అల్-షబాబ్ నగరం వదిలి రెండు వారాలు కూడా కాలేదు. ఆఫ్రికా బయటి దేశపు నాయకుడొకరు ఆ నగరానికి రావడం దాదాపు ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి. ఆయన శిబిరాల్లో తిరిగారు, పిల్లల దగ్గర కూర్చున్నారు. ఆ బొమ్మలు టర్కీలో ఇంటింటికీ చేరాయి, విరాళాలు కురిశాయి.

ఆ రాకను నేను ఇంత పెద్దదిగా చెప్పడానికి ఒక కారణముంది. 1988లో నేను పనిచేసిన ఓడ మొగదిషు రేవులో పదకొండు రోజులు నిలిచింది. నేను అప్పుడు మూడో ఇంజినీరును. పగడపు రాయితో కట్టిన తెల్లటి ఇళ్లు, హమర్ వెయినె పాతబస్తీ, సముద్రం మీది నుంచి ఆగకుండా వీచే గాలి. రేవు గుమాస్తా బస్తాలు లెక్కపెట్టేటప్పుడు ఇటలీ భాషలో లెక్కించేవాడు, ఎందుకంటే 1960 వరకు అది ఇటలీ పాలనలో ఉన్న ప్రాంతం. మధ్యాహ్నం అతను తన పళ్లెంలోని భోజనం నాతో పంచుకున్నాడు. మాంసం పులుసు కలిపిన పాస్తా, నంజుకోవడానికి అరటిపండు. పాస్తాను వాళ్లు 'బాస్తో' అంటారు. మూడేళ్ల తరువాత ఆ ఊరు వీధివీధికీ చీలిపోయిందని పత్రికలో చదివాను. ఆ మనిషి ఏమయ్యాడో తెలుసుకునే దారి లేకపోయింది. ఆ ఊరికి ఫోను లేదు, ఉత్తరం లేదు, ఓడ లేదు. ఒక నగరాన్ని లోకం వదిలేయడమంటే ఏమిటో నాకు అలా తెలిసింది. అందుకే 2012 మార్చి 6న ఇస్తాంబుల్ నుంచి టర్కిష్ ఎయిర్‌లైన్స్ విమానం మొగదిషులో దిగిందన్న వార్తను కత్తిరించి దాచుకున్నాను. రెండు దశాబ్దాల తరువాత పెద్ద అంతర్జాతీయ సంస్థ నడిపిన మొదటి విమానం అది. అటువంటి విమానం వస్తే రోగి బయటికి వెళ్లగలడు, వ్యాపారి సరుకు చూడటానికి వెళ్లి రాగలడు, ఎక్కడో స్థిరపడిన కొడుకు తల్లిని చూడటానికి రాగలడు.

ఇంకొక సంగతి చెప్పకుండా ఈ జవాబు ముగించలేను. 2011 అక్టోబరు 4న మొగదిషులో లారీ బాంబు పేలింది. చనిపోయినవారిలో చాలామంది విద్యార్థులు. టర్కీలో చదువుకోవడానికి ఇచ్చే ఉపకార వేతనాల పరీక్షా ఫలితాల కోసం విద్యాశాఖ భవనం దగ్గర వరుసలో నిలబడ్డ పిల్లలు వాళ్లు. ఇంకొకరైతే ఆ దెబ్బతో సామాను సర్దుకుని వెళ్లిపోయేవారు. టర్కీ గాయపడినవారిని విమానంలో తీసుకెళ్లి వైద్యం చేయించింది. నవంబరులో రాయబార కార్యాలయం మళ్లీ తెరిచింది. 2013లో ఆ కార్యాలయపు సిబ్బంది భవనం మీదే దాడి జరిగింది. అప్పుడూ వెళ్లిపోలేదు. మీ మిత్రులకు నా జవాబుగా ఇది చెప్పండి మాస్టారూ: మతం పలకరింపును సులువు చేసింది, ప్రాణభయం ఉన్న చోట నిలబడి ఉండటం వల్ల నమ్మకం కుదిరింది.

మీరు టర్కీని మెచ్చుకుంటున్నట్టుంది. ఊరికే ఎవరూ ఏమీ ఇవ్వరు కదా? రేవు తీసుకున్నారు, విమానాశ్రయం తీసుకున్నారు, సైన్యం పెట్టారు, ఇప్పుడు చమురు. ఇది కొత్త రకం వలస పాలన కాదా?
*– డిగ్రీ విద్యార్థిని, కడప*

మంచి ప్రశ్న అమ్మా. నాకూ నిద్ర పట్టనివ్వని ప్రశ్న. ఒక్కొక్కటిగా చూద్దాం.

టర్కీ అవసరం దాచవలసినదేమీ కాదు. ఐరోపా సమాఖ్యలో చేరే దారి ముందుకు సాగక, 1998లో ఒక ఆఫ్రికా ప్రణాళిక వేసుకుంది, 2005ను ఆఫ్రికా సంవత్సరంగా ప్రకటించుకుంది. 2002లో ఆఫ్రికాలో దానికి 12 రాయబార కార్యాలయాలుంటే, ఇరవై ఏళ్లలో అవి 44 అయ్యాయి. 2008లో భద్రతా మండలి సీటుకు పోటీ చేసినప్పుడు ఆఫ్రికా ఓట్లు ఎంత విలువైనవో కళ్లారా చూసింది. సోమాలియాలో నెగ్గుకొస్తే మిగతా ఖండానికి అది నడిచే ప్రకటన.

మొగదిషు విమానాశ్రయాన్ని 2013 నుంచీ, రేవును 2014 నుంచీ టర్కీ కంపెనీలు నడుపుతున్నాయి. రేవు ఒప్పందంలో ఆదాయంలో 55 శాతం సోమాలియా ప్రభుత్వానిది. సముద్రం మీద ముప్పై ఏళ్లు బతికినవాడిగా చెబుతున్నాను, పాడుబడిన రేవు నూరు శాతం సొంతమైనా దాని వల్ల ఖజానాకు చేరేది సున్నా. క్రేన్లు తిరిగి, ఓడ చెప్పిన రోజుకు సరుకు దింపి వెళ్లగలిగితేనే సుంకం వస్తుంది. సోమాలియా ప్రభుత్వం సొంతంగా వసూలు చేసుకునే డబ్బులో పెద్ద భాగం ఆ రేవు సుంకమే. ఆ డబ్బుతోనే జీతాలు ఇస్తారు. కాబట్టి రేవు విషయంలో నేను టర్కీని తప్పుపట్టను.

2015లో పాత దిగ్‌ఫెర్ ఆసుపత్రిని బాగుచేసి 200 పడకలతో తెరిచారు, దానికి ఎర్డోగాన్ పేరు పెట్టారు. 2016లో ప్రపంచంలో తమకున్న అన్నిటికన్నా పెద్ద రాయబార కార్యాలయాన్ని అక్కడే కట్టుకున్నారు. 2017 సెప్టెంబరులో సుమారు 5 కోట్ల డాలర్ల ఖర్చుతో 'టర్క్‌సోమ్' సైనిక శిక్షణ శిబిరం తెరిచారు. అక్కడ తయారైన కమాండోలను సోమాలీలు 'గోర్‌గోర్' అంటారు. గద్ద అని అర్థం. 2022లో సోమాలియా కేంద్ర బ్యాంకు టర్కీ బ్యాంకు ఒకదానికి అనుమతినిచ్చింది. అర్ధ శతాబ్దంలో ఆ దేశం విదేశీ బ్యాంకుకు తలుపు తీయడం అప్పుడే.

ఇక్కడి వరకు ఇచ్చిపుచ్చుకోవడం నాకు కనబడుతోంది. 2024 నుంచి మాత్రం నాకు బెంగ మొదలైంది.

ఫిబ్రవరి 8న టర్కీ రాజధాని అంకారాలో రెండు దేశాల రక్షణ మంత్రులు పదేళ్ల ఒప్పందం మీద సంతకాలు చేశారు. సోమాలియా తీరాన్ని కాపాడటం, నౌకాదళాన్ని నిర్మించడం అందులోని పెద్ద అంశాలు. అదే నెల 21న సోమాలియా పార్లమెంటు ఆమోదించింది. పదేళ్లు దేశాన్ని కట్టిపడేసే కాగితానికి పదమూడు రోజులు! మార్చి 7న చమురు, సహజవాయువు ఒప్పందం. అక్టోబరులో 'ఓరుచ్ రెయిస్' అనే టర్కీ పరిశోధక నౌక మొగదిషుకు చేరింది. ఒక్కొక్కటి దాదాపు 5,000 చదరపు కిలోమీటర్లున్న మూడు సముద్రపు గళ్లలో అడుగుభాగాన్ని గాలించడం దాని పని.

2025లో ఆ చమురు ఒప్పందం టర్కీ పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు షరతులు బయటపడ్డాయి. దొరికిన చమురులో ఏటా 90 శాతం వరకు ఖర్చుల కింద ముందు టర్కీ తీసుకోవచ్చు. సోమాలియాకు ముట్టే రాయల్టీ 5 శాతానికి మించదు. మన భాషలో చెప్పుకోవాలంటే ఇది ఒక కౌలు. భూమి మీది. కౌలుదారు బోరు వేశాడు, ఎరువు వేశాడు. పంట ఇంటికి వచ్చినప్పుడు, నా పెట్టుబడి తీరేవరకు పది బస్తాల్లో తొమ్మిది నావి అన్నాడు. లోతైన సముద్రంలో బావి తవ్వడానికి అపారమైన డబ్బు కావాలి, ఏమీ దొరక్కపోతే నష్టమంతా తవ్వినవాడిదే. ఆ న్యాయం నేను ఒప్పుకుంటాను. నా ప్రశ్న వేరు. పెట్టుబడి ఎంతయిందో రాసే పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది? రైతుకు లెక్క చదవడం రాకపోతే ఆ తొమ్మిది బస్తాలు ఎన్ని పంటల దాకా సాగుతాయి? సోమాలీ పౌరులు తమ భాషలో, తమ పార్లమెంటులో ఆ లెక్క చదివి ప్రశ్నించగలగాలి. అది జరగని రోజున మీరన్న మాటను నేనూ అంటాను.

ఆయుధాల సంగతి కూడా ఇంతే సూటిగా చెప్పాలి. 2024 మార్చి 18న దిగువ షబెల్లె ప్రాంతంలో ఒక పొలం మీద జరిగిన సైనిక దాడుల్లో 23 మంది పౌరులు చనిపోయారనీ, వారిలో 14 మంది పిల్లలనీ, టర్కీ తయారీ డ్రోన్లతో ఆ దాడులు జరిగాయనీ మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ప్రకటించి విచారణ కోరింది. ఆసుపత్రి కట్టిన చేయి ఒకటి, డ్రోను ఇచ్చిన చేయి ఒకటి అని వేరుచేసి చూడటం నాకు చేతకాదు. రెండూ ఒకే ఖాతాలో రాయాలి.

మరి వలస పాలన అనవచ్చా? సోమాలియా పొమ్మనాలనుకుంటే పొమ్మనగలదు. 2018లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ విమానంలో వచ్చిన 96 లక్షల డాలర్ల నగదును మొగదిషు అధికారులు పట్టుకున్నారు. ఆ తగాదా ముదిరి ఎమిరేట్స్ తన సైనిక శిక్షణనూ, మొగదిషులో నడిపిన ఆసుపత్రినీ మూసుకుని వెళ్లింది. ఆసుపత్రి మూతపడితే బాధపడింది రోగులే అనుకోండి. అయినా వలస పాలనలో ఉన్న దేశానికి అలా అడ్డుపడే శక్తి ఉండదు. టర్కీతో ఆ శక్తి ఇంకా మిగిలి ఉందా అన్నది మీ తరం గమనించవలసిన విషయం.

టర్కీ అనాలా, తుర్కియే అనాలా?
*– పాఠకుడు, కరీంనగర్*

2022 జూన్‌లో ఆ దేశం కోరిక మీద ఐక్యరాజ్య సమితి తుర్కియే అన్న పేరును స్వీకరించింది. తుర్కియే అనడమే మర్యాద. మన పాఠకులకు అలవాటైన మాట కావడం వల్ల ఇక్కడ పాతపేరు వాడాను.

మా అబ్బాయి సరుకు ఓడలో పనిచేస్తున్నాడు. సోమాలియా తీరం పక్కనుంచి వెళ్లే దారి అంటున్నాడు. టర్కీ నౌకాదళం వచ్చింది కదా, ఇక సముద్రపు దొంగల భయం పోయినట్టేనా?
*– ఒక తల్లి, సోంపేట*

అమ్మా, మీ భయం నాకు బాగా తెలుసు. నేను ఓడ ఎక్కిన ప్రతిసారీ మా అమ్మ వాకిట్లో నిలబడిపోయేది.

భయం పూర్తిగా పోలేదు. కొన్నేళ్లు తగ్గి, 2023 చివర మళ్లీ తల ఎత్తింది. 2023 డిసెంబరులో 'రూయెన్' అనే ఓడను దొంగలు పట్టుకున్నారు. మూడు నెలల తరువాత, 2024 మార్చి 16న, మన నౌకాదళపు ఐఎన్ఎస్ కోల్‌కతా దాన్ని అడ్డగించింది. 17 మంది సిబ్బందిని క్షేమంగా కాపాడి, 35 మంది దొంగలను బంధించి ముంబయికి తెచ్చింది. అదే నెలలో పట్టుబడిన బంగ్లాదేశ్ ఓడ 'అబ్దుల్లా' సిబ్బంది 23 మంది నెల తరువాత ఇళ్లకు దారిపట్టారు. కాబట్టి అక్కడ కాపలా కాసేది టర్కీ ఒక్కటే కాదు, మనవాళ్లూ ఉన్నారు. మీకు నిజంగా భరోసా ఇచ్చే సంగతి అదే.

ఆ తీరం 3,000 కిలోమీటర్లకు పైగా పొడవు. సోమాలియాకు సొంత నౌకాదళం లేని కాలంలో విదేశీ ఓడలు వచ్చి చేపలన్నీ ఊడ్చుకుపోయాయి. దొంగతనానికి అది క్షమాపణ కాకపోయినా, మొదట పడవలెక్కినవారిలో వలలు ఖాళీగా వచ్చిన జాలరులూ ఉన్నారు. ఆ తీరానికి కాపలా సోమాలీలే కాయగలిగిన నాడు మీ అబ్బాయి దారి ఇంకాస్త భద్రమవుతుంది. అందాకా, ఆ నీళ్లలోకి వెళ్లే ముందు ఓడ నుంచి ఒకసారి ఫోను చేయమనండి, దాటాక మరొకసారి.

ఇథియోపియాకూ సోమాలియాకూ మధ్య టర్కీ రాజీ కుదిర్చిందని చదివాను. అసలు తగాదా ఏమిటి?
*– న్యాయవాది, వరంగల్*

ఇథియోపియాకు సముద్రం లేదు. 1993లో ఎరిత్రియా విడిపోవడంతో తీరం పోయింది. పన్నెండు కోట్లకు పైగా జనం ఉన్న దేశం పొరుగువారి రేవుల మీద ఆధారపడి బతుకుతోంది. 2024 జనవరి 1న అది సోమాలీల్యాండ్‌తో ఒక అవగాహనకు వచ్చింది. 1991లో విడిపోయామని ప్రకటించుకున్న ప్రాంతం అది. సోమాలియా దృష్టిలో ఇప్పటికీ తన భూభాగమే. సుమారు 20 కిలోమీటర్ల తీరాన్ని 50 ఏళ్లకు లీజుకిస్తే, బదులుగా దేశంగా గుర్తింపు గురించి చూస్తామన్నది ఆ అవగాహన. మొగదిషు భగ్గుమంది. ఆరు వారాలు తిరగకముందే టర్కీతో రక్షణ ఒప్పందం కుదరడానికి వెనక ఉన్న వేడి ఇదే.

టర్కీకి ఇథియోపియాలోనూ పెట్టుబడులున్నాయి, దానికీ ఆయుధాలు అమ్మింది. ఇద్దరికీ కావలసినవాడు కాబట్టే మధ్యవర్తి కాగలిగింది. 2024 డిసెంబరు 11న అంకారాలో సోమాలియా అధ్యక్షుడు హసన్ షేక్ మొహముద్, ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్ ఒక ప్రకటన మీద అంగీకరించారు. సోమాలియా సార్వభౌమత్వం కిందే ఇథియోపియాకు సముద్ర మార్గం చూపాలన్నది దాని సారం. మీరు న్యాయవాది, మీకు చెప్పనవసరం లేదు, రాజీ పత్రం రాయడం వేరు, అమలు వేరు. యుద్ధం మాట వెనక్కి పోయింది. ఆ మేరకు అది గొప్ప పనే.

మా ఇంట్లో పై వాటాలో ఇద్దరు సోమాలీ విద్యార్థులు అద్దెకుంటున్నారు. మర్యాదస్తులు. టర్కీ గురించి వాళ్లు ఏమనుకుంటారు? అడిగితే బాగుంటుందా?
*– గృహిణి, టోలీచౌకి, హైదరాబాద్*

తప్పకుండా అడగండి. టీ ఇచ్చి అడగండి, సోమాలీలు టీ అంటే ప్రాణం పెడతారు, చక్కెర కాస్త ఎక్కువ వేయండి. 'వలాల్' అని పలకరిస్తే మొహాలు వెలుగుతాయి. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి అన్నిటికీ వాళ్లకు అదే మాట.

నిరుడు హైదరాబాద్ వచ్చినప్పుడు ఫార్మసీ చదివే ఒక సోమాలీ కుర్రాడితో మాట్లాడాను. 2017 అక్టోబరు 14న మొగదిషులో జోబె కూడలి దగ్గర జరిగిన పేలుడు సంగతి అతనే ఎత్తాడు. 587 మంది చనిపోయిన పేలుడు అది. అతని మేనమామ ఆ రోజు గాయపడ్డాడు. టర్కీ పంపిన విమానంలో అంకారా వెళ్లి, నాలుగు నెలలు చికిత్స తీసుకుని నడుచుకుంటూ తిరిగి వచ్చాడట. ఆ మామ ఇంట్లో చమురు ఒప్పందం గురించి ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఒప్పుకోడట. ఈ కుర్రాడు మాత్రం ఆ ఒప్పందాన్ని ప్రశ్నించవలసిందే అంటాడు. మామకూ మేనల్లుడికీ ఫోనులో ఇదే వాదన. ఇద్దరి మాటలోనూ నాకు తప్పు కనిపించలేదు.

నేను 1988 నాటి రేవు బొమ్మను కాగితం మీద గీసి చూపించాను. ఓడ కట్టిన చోటు, గోదాములు, గుమాస్తా కూర్చునే గది. అతను పెన్ను తీసుకుని, ఆ గది ఉన్న చోట గీత కొట్టి, ఇప్పుడక్కడ కంటెయినర్లు పేరుస్తారని రాశాడు. ఆ గుమాస్తా పేరు నాకు గుర్తుందా అని అడిగాడు. గుర్తుంది. రాసుకున్నాడు, ఇంటికి ఫోను చేసినప్పుడు పెద్దవాళ్లను అడుగుతానన్నాడు.